ఎర్రమాత్ర కథ

బీరు తయారుచేసేచోట పీపాల అడుగున ఒక మడ్డి మిగులుతుంది. పులియబెట్టడానికి వేసిన ఈస్టు తన పని తాను కానిచ్చి అడుగుకి చేరుతుందన్నమాట. ఇంగ్లండులో బర్టన్ అనే ఊళ్ళో, 1902లో, ఆ మడ్డిని ఊరికే పారబొయ్యడం ఎందుకనుకున్నవాళ్ళు ఒక కంపెనీ పెట్టి, దాన్ని ఉప్పువేసి చిక్కబరిచి సీసాల్లోకెత్తి అమ్మడం మొదలుపెట్టారు. దాని పేరు మార్మైటు. నల్లగా, జిగటగా, మన పాతచింతకాయపచ్చడి రంగులో ఉంటుంది. రొట్టెమీద పల్చగా రాసుకు తింటారు. అలవాటైనవాళ్ళకి ప్రాణం. కానివాళ్ళు వాసనకే ముక్కు మూసుకుంటారు.

ఆ మడ్డికీ, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి మన నర్సమ్మలు పొట్లం కట్టి ఇచ్చే ఎర్రమాత్రకీ దగ్గర చుట్టరికం ఉందంటే మీరు నమ్ముతారా? ఆ చుట్టరికం కలిపింది ఒక డాక్టరమ్మ. తరవాత దాన్ని గట్టిపరిచినవాళ్ళలో మన భీమవరం అబ్బాయి ఒకడు.

మన అమ్మమ్మలకి ఒక మాట ఉండేది, ‘పురిటిగండం’ అని. ఫలానా వారి కోడలు పురిటిలో పోయిందిట అంటే, అయ్యో అనేవారు, తలరాత అనేవారు, పసిగుడ్డుని ఎవరు పెంచుతారా అని ఆలోచనలో పడేవారు. ఎందుకు పోయింది అని అడిగేవాళ్ళు తక్కువ. అలా పోయినవాళ్ళలో కొందరు కాన్పు కష్టమై పోయినవాళ్ళు కారు. నాలుగైదు నెలలనుంచే మొహం పాలిపోయి, కాళ్ళు పొంగి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చి, అన్నం సయించక, ఒంట్లో నెత్తురు చచ్చిపోయి, నీళ్ళాడే వేళకి శక్తి లేక పోయినవాళ్ళు. నెత్తురు తక్కువైతే ఇనుము ఇస్తే సరిపోతుందని అప్పటికే డాక్టర్లకి తెలుసు. కాని వీళ్ళకి ఇనుము ఎంత పోసినా గుణం కనిపించలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే వీళ్ళ ఎర్రకణాలు లెక్కకి తక్కువ, ఆకారానికి పెద్దవి. అదేమిటో అంతుపట్టలేదు.

బొంబాయి బట్టలమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని, ఈ దేశంలో ఏళ్ళతరబడి పనిచేసిన మార్గరెట్ బాల్‌ఫోర్ అనే డాక్టరమ్మ గమనించింది. ఇది తేల్చడానికి లండన్‌నుంచి లూసీ విల్స్‌ని పిలిపించారు. 1928లో ఆవిడ బొంబాయిలో దిగేటప్పటికి వయస్సు నలభై. పెళ్ళి చేసుకోలేదు. నలభై దాటిన ఆడది ఇక మనవల్ని ఎత్తుకు కూచోవాలని మన వాళ్ళ లెక్క గదా! ఆవిడ ఓడెక్కి వచ్చి పరాయిదేశపు తల్లుల నెత్తురుబొట్లు అద్దాలమీద పరుచుకు కూచుంది.

ఆవిడ చదువు సంగతి కూడా చెప్పుకోవాలి. 1888లో పుట్టింది. కేంబ్రిడ్జిలో న్యూన్‌హామ్ కాలేజీలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి 1911లో పరీక్ష ప్యాసైంది. ప్యాసైందిగాని పట్టా లేదు. ఆడపిల్లలు పాఠాలు వినవచ్చు, పరీక్ష రాయవచ్చు, మగపిల్లలతోపాటు మార్కులు తెచ్చుకోవచ్చు, పట్టా మాత్రం ఇవ్వరు! మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళకి పట్టాలివ్వడానికి కేంబ్రిడ్జికి 1948దాకా చేతులు రాలేదు. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1883లోనే ఆడపిల్లలకి బి.ఏ. ఇచ్చేసింది. అన్నీ వాళ్ళే మనకి నేర్పారనుకునేవాళ్ళు ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. లూసీ తరవాత లండన్‌లో ఆడవాళ్ళ వైద్యకళాశాలలో చేరి, 1920లో డాక్టరై, రోగులకి మందులు రాయడంకన్నా పరిశోధనే బాగుందనుకుని ప్రయోగశాలలో స్థిరపడింది.

బొంబాయిలో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆవిడకి చోటిచ్చారు. జబ్బు రావడానికి ఏ సూక్ష్మజీవో కారణమా అన్నది ఒక అనుమానం. ఆ దారిన తేలింది తక్కువ. అప్పుడు ఆవిడ ఒక పని చేసింది. మనకైతే మొదటే తోచేదేమో గాని, అప్పటి పెద్ద డాక్టర్లకి అంత సులభంగా తోచినట్టు లేదు. వాళ్ళు ఏం తింటున్నారో చూసింది. పేద ముస్లిం కుటుంబాల ఆడవాళ్ళలో ఈ జబ్బు మరీ ఎక్కువ. కూర, పండు, పాలు వాళ్ళ కంచంలోకి వచ్చేది బహుతక్కువ. మతం మాట కాదిది, కంచం మాట. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక గిన్నె అడుగున మిగిలినదే తన భాగమనుకునే ఆడది ఏ మతంలో లేదు గనక!

విల్స్ ఆ తిండినే ఎలకలకి పెట్టి చూసింది. ఎలకలకి నెత్తురు తగ్గింది. ఈస్టు కలిపి పెడితే తగ్గలేదు. ఆహా, దొరికింది అనుకునేలోపల ఇంకో చిక్కు వచ్చిపడింది. ఎలకలకి పేలు! ఆ పేలవల్ల ఎలకలకి అంటుకునే జబ్బొకటి నెత్తుర్ని తగ్గిస్తుంది. ఏది తిండివల్ల, ఏది పేలవల్ల? లెక్కంతా గందరగోళమైపోయింది. పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని గాజుగొట్టంలోకి చూడగానే మెరుపు మెరవడం అని మనం సినిమాల్లో చూసి అనుకుంటాం. ఎలకల తలలో పేలు ఏరుకోవడం కూడా అందులో భాగమేనని ఎవరూ చెప్పరు.

తరవాత కోతుల్ని పెట్టుకుంది. ఆ తిండితోనే కోతికి నెత్తురు తగ్గింది. దానికి మార్మైటు పెడితే తేరుకుంది. మార్మైటే ఎందుకంటే అది చవక. అప్పటికి కొత్తగా వచ్చిన మందు కాలేయం. 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ఇంకోరకం ప్రాణాంతకమైన రక్తహీనతని పచ్చి కాలేయం తినిపించి కుదిర్చారు. ఆ సంగతికే 1934లో వాళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది. కాని మిల్లుకూలీ ఇంట్లో రోజూ కాలేయం ఎవరు కొంటారు? శాకాహారుల మాటేమిటి? సీసాలో మడ్డి అయితే ఎవరికైనా ఇవ్వవచ్చు.

ఇచ్చింది. నాలుగైదు రోజుల్లోనే రోగులకి ఆకలి తిరిగివచ్చింది. అన్నం అడిగారు. వెంటనే కణాల లెక్క పెరగడం మొదలైంది. ఈ సంగతి 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆకలి తిరిగివచ్చిన ఆ మొదటి తల్లుల పేర్లు మనకి తెలియవు. ఎవరి నెత్తురుతో ఇంత శాస్త్రం నడిచిందో వాళ్ళు అందులో అంకెలుగా మిగిలారు. నవలలు రాసేదాన్ని కాబట్టి నా మనస్సు అక్కడే కాసేపు నిలబడిపోతుంది.

ఆ ఏళ్ళలో విల్స్ బొంబాయిలోనే కూచోలేదు. 1929లో ఏప్రిల్‌నుంచి అక్టోబరువరకు నీలగిరుల్లో కూనూరులో పనిచేసింది. అక్కడి పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో మెక్‌కారిసన్ అనే ఆయన 1918లో ఒకే ఒక్క గదిలో ఆహారపరిశోధన మొదలుపెట్టాడు. ఆ ఒంటిగది పెరిగి పెద్దదై, 1958లో కొండ దిగి మన హైదరాబాదుకి తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. 1931 మొదట్లో ఆవిడ మద్రాసులో గోషా ఆసుపత్రిలో పనిచేసింది. ఘోషా స్త్రీలకోసం, మగడాక్టరు చేత నాడి చూపించుకోనివాళ్ళకోసం పెట్టిన ఆసుపత్రి అది. కట్టడానికి డబ్బిచ్చింది మన వెంకటగిరి రాజావారు. ఇప్పుడు దాని పేరు కస్తూరిబా గాంధీ ఆసుపత్రి. ట్రిప్లికేన్‌లో ఇప్పటికీ పురుళ్ళు పోస్తూనే ఉంది.

మార్మైటులో ఉన్న ఆ మంచిగుణం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. బాగా శుద్ధిచేసిన కాలేయసారం ఆ ఇంకోరకం రక్తహీనతని కుదురుస్తోంది గాని ఈ తల్లులకి పనిచెయ్యడం లేదు. మడ్డి పనిచేస్తోంది. అంటే ఇది వేరే వస్తువు. దానికి అందరూ ‘విల్స్ ఫాక్టర్’ అని పేరు పెట్టుకున్నారు. 1941లో అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంవాళ్ళు నాలుగు టన్నుల పాలకూర తెప్పించి, వడిచి, వడగట్టి, చిటికెడు పదార్థం తీశారు. నాలుగు టన్నులు! మనం నాలుగు కట్టలు బాగుచెయ్యాలంటేనే మధ్యాహ్నమంతా పడుతుంది. లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు గనక దానికి ఫోలిక్ ఆమ్లం అని నామకరణం చేశారు.

చిటికెడు పదార్థం లోకానికి చాలదు. ఆకుతో పనిలేకుండా ప్రయోగశాలలోనే తయారుచెయ్యగలగాలి. అది 1945లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్ అనే ఊళ్ళో, లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో జరిగింది. అక్కడ పరిశోధనకి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుకి ఇది ఉద్యోగధర్మం మాత్రమే కాదు. ఆయన అన్నగారు, తమ్ముడు కొద్దిరోజుల తేడాలో ఒకే జబ్బుతో పోయారు. డాక్టర్లు స్ప్రూ అన్నారు. మన వైద్యులు గ్రహణి అంటారు. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, నాలిక పూత, నెత్తురు తగ్గిపోవడం, చివరికి ఎముకలగూడు మిగలడం. అదే జబ్బు సుబ్బారావుకీ వస్తే ఆయుర్వేదపండితులు ఆచంట లక్ష్మీపతిగారు కుదిర్చారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేరోజుల్లో ఆయన గాంధీగారి మాట విని ఖద్దరు కోటు వేసుకు వెళ్ళాడు. శస్త్రచికిత్స ఆచార్యుడైన దొరకి కోపం వచ్చింది. పరీక్షలన్నీ బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకు చిన్నదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగంనాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో బోస్టన్ చేరాడు. తిరిగి రాలేదు. లూసీ విల్స్ మద్రాసులో తల్లుల నెత్తురు పరీక్షిస్తున్నరోజుల్లో, మద్రాసులో చదువుకున్న ఈయన హార్వర్డులో ఉన్నాడు.

భార్య శేషగిరమ్మగారు ఇక్కడే ఉండిపోయారు. సుబ్బారావుని గురించి రాసేవాళ్ళంతా ఆయన త్యాగం గురించి రాస్తారు. చదువు పూర్తికాగానే వస్తాడని చూసి, ఆ తరవాత వస్తాడని చూసి, 1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే పోయాడన్న కబురు విన్న ఇల్లాలి సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆయనకి అప్పటికి యాభైమూడేళ్ళు.

తోడబుట్టినవాళ్ళని పొట్టనబెట్టుకున్న జబ్బు సంగతి ఏమైందంటారా? ఫోలిక్ ఆమ్లం తయారుకాగానే టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని క్యూబాలో స్ప్రూ రోగులకి ఇచ్చి చూస్తే నాలికలు బాగుపడ్డాయి, నెత్తురు పట్టింది. మరో మూడేళ్ళకి, 1948లో, అదే సుబ్బారావు ప్రయోగశాలనుంచి ఆరియోమైసిన్ వచ్చింది. దాని జాతిదే టెట్రాసైక్లిన్. ఈనాటికీ డాక్టర్లు ఆ జబ్బుకి ఇచ్చేది ఈ రెండే, ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండూ ఆయన పెద్దరికంలో నడిచిన పనిలోంచి వచ్చినవే. మన జిల్లాల్లో బోదకాలుకి ఇంటింటికీ తిరిగి పంచే మాత్ర కూడా ఆయన ప్రయోగశాలదేనని చాలామందికి తెలియదు.

ఇంతకీ ఈ ఫోలిక్ ఆమ్లం చేసే పనేమిటి? ఒక కణం రెండుకావాలంటే లోపలి వంశసూత్రాల్ని మరో ప్రతి రాసుకోవాలి. ఆ రాతకి ఇది కావాలి. లేకపోతే, పూరీలపిండి పెరుగుతూనే ఉంటుంది గాని ఉండలు చేసే చెయ్యి ఆగిపోయినట్టు, కణం లావెక్కుతుంది, విడిపోదు. బొంబాయి తల్లుల నెత్తుట్లో కనిపించిన పెద్దకణాలు అవే. అయితే అతివేగంగా విడిపోయేది మంచి కణాలేనా? కాన్సర్ కణాలు కూడా. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు రక్తకాన్సర్ పిల్లలకి ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా రేగింది. ఎంత దారుణం! కాని ఆయన అక్కడ ఆగకుండా, ఉల్టా ఆలోచించాడు. అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి పని జరగనివ్వని దొంగసరుకు, అంటే తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయే తాళంచెవిలాంటిది, సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది, నిజమే. అంతకుముందు ఆ నెలలు కూడా లేవు.

ఆ దొంగ తాళంచెవుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. ఆడవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది ఇందులో. కడుపు నిలిచినట్టే నిలిచి, లోపల బిడ్డబదులు నీటితిత్తులు పెరుగుతాయి కొందరికి. ముత్యాలగర్భం అంటారు. అది ఒక్కొక్కసారి కాన్సర్‌గా మారి ఊపిరితిత్తులకి పాకుతుంది. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్జ్ అనే డాక్టర్లు అలాంటి ఆమెకి ఈ మందిస్తే గడ్డలు కరిగిపోయాయి. శరీరమంతా పాకిన కాన్సర్ మందుతో నయంకావడం అదే మొదలు. గడ్డ కనిపించకపోయినా నెత్తుట్లో ఆ జబ్బు జాడ చూపే హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఆపనన్నాడు లీ. అనవసరంగా విషం పోస్తున్నాడని పైవాళ్ళు ఆయన్ని ఉద్యోగంలోంచి పంపేశారు. ఆయన చూసిన రోగులే తరవాత జబ్బు తిరగబెట్టకుండా బతికారు. 1972లో పెద్ద బహుమతి ఇచ్చారు లెండి.

తల్లుల దగ్గరికే మళ్ళీ వద్దాం. 1965లో లివర్‌పూల్‌లో స్మిథెల్స్, ఎలిజబెత్ హిబ్బర్డ్ అనే ఇద్దరు డాక్టర్లు, వెన్నెముక మూసుకోకుండా, పుర్రె పూడకుండా పుట్టే బిడ్డల తల్లులకి ఫోలిక్ ఆమ్లం కొరత ఉందేమోనని రాశారు. అంతకుముందు అలాంటి బిడ్డ పుడితే ఏమనేవారు? గ్రహణంనాడు తల్లి కత్తిపీట ముట్టుకుందనేవారు. మనకి గ్రహణం, వాళ్ళకి ఇంకోటి. ఏ దేశమైనా తప్పు తల్లిదే. అనుమానం రుజువుకావడానికి ఇరవయ్యారేళ్ళు పట్టింది. ఒకసారి అలాంటి బిడ్డని కని, మళ్ళీ బిడ్డని కోరుకుంటున్న తల్లుల్ని 7 దేశాల్లో 33 ఆసుపత్రుల్లో చేర్చుకుని, కొందరికి ఫోలిక్ ఆమ్లం ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూశారు. ఇచ్చినవాళ్ళలో 6 బిడ్డలకి, ఇవ్వనివాళ్ళలో 21 బిడ్డలకి లోపం వచ్చింది. వందకి డెబ్భైరెండుపాళ్ళు తగ్గింది. ఇక ఇవ్వకుండా ఉండడం పాపమని 1991లో ఆ పరీక్ష మధ్యలోనే ఆపేశారు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఆ వెన్నెముక గొట్టం మూసుకునేది పిండం పడిన 28 రోజుల్లోపల. అంటే నెల తప్పిందో, లెక్క తప్పిందో అని మనం క్యాలెండరు కేసి చూసుకునే రోజులు. అత్తగారికి చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళి, చీటీ రాయించుకునేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. అందుకే బిడ్డని కనాలనుకున్నప్పటినుంచే, కడుపు నిలవకముందే, రోజుకి 400 మైక్రోగ్రాములు తీసుకోమంటారు. ముందొకసారి అలాంటి బిడ్డ పుట్టి ఉంటే దానికి పదిరెట్లు, అదీ డాక్టరు చెప్పినట్టు. పెళ్ళి శుభలేఖలు పంచేటప్పుడు పెళ్ళికూతురి చేతిలో ఈ మాత్రలసీసా పెట్టే ఆచారం ఎవరైనా మొదలుపెడితే బాగుండునని నాకనిపిస్తుంది. పట్టుచీరతో పోలిస్తే ఖర్చు ఎంతని!

మన దేశంలో గర్భిణీస్త్రీలకి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన మాత్రలు ప్రభుత్వం 1970నుంచే ఇస్తోంది. అయినా 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనదేశపు గర్భిణీస్త్రీలలో నూటికి 52 మందికి నెత్తురు తక్కువని తేలింది. సగం మందికి పైగా! కారణాలు చాలా ఉన్నాయి. నులిపురుగులు, మలేరియా, చిన్నవయస్సు పెళ్ళిళ్ళు, కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోవడం. వాటితోపాటు ఆ మాత్ర పొట్లంలోనే ఉండిపోవడం కూడా ఒకటి. బియ్యండబ్బా వెనకాలో, దేవుడిగూట్లోనో ఉంటుంది. మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటి పిన్నిగారు చెప్పి ఉంటుంది. లేకపోతే బిడ్డ బలిసిపోయి కాన్పు కష్టమౌతుందని. నిజానికి నల్లబడేది విరేచనం. అది ఇనుము రంగు, బిడ్డది కాదు. ఆకుకూరలు తింటే చాలదా అని కొందరంటారు. తినాలి, తోటకూర, పాలకూర, పెసలు, శనగలు అన్నీ తినాలి. కాని మనం ఉడికించి, వార్చి, మళ్ళీ పోపులో వేయించేసరికి అందులో ఫోలిక్ జాతి చాలావరకు సెలవు పుచ్చుకుంటుంది.

విల్స్ ఇంకోసారి, 1937 నవంబరులో, మన దేశానికి వచ్చింది. ఈసారి కరాచీదాకా విమానంలో ఎగిరి, అక్కడినుంచి ఓడలో బొంబాయి చేరి, పది వారాలు హాఫ్‌కిన్‌లో పనిచేసి వెళ్ళింది. యుద్ధం రోజుల్లో లండన్‌లోనే ఉండి, ఆడవాళ్ళ రక్తహీనతమీద పని సాగిస్తూనే ఉంది. పదవీవిరమణ తరవాత కౌన్సిలరయింది. 1964లో కన్నుమూసింది. ఆవిడకి నోబెల్ రాలేదు. విల్స్ ఫాక్టర్‌కి ఫోలిక్ ఆమ్లం అని పేరు మారాక ఆవిడ పేరు కూడా పాఠాల్లోంచి జారిపోయింది.

ఇప్పుడు ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెలనుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, పురుడయ్యాక మరో 180 రోజులు. కడుపులో తిప్పినట్టుంటే రాత్రి అన్నం తిన్నాక పడుకోబోయే ముందు వేసుకోమంటారు. నిమ్మరసంతో అయితే మంచిది, కాఫీతో మాత్రం వద్దంటారు.